వీలునామా ఎగ్జిక్యూటర్: పెత్తనం, పూచీ

సూరత్ నుంచి ముంబై వైపు వెళ్లే ప్యాసింజరు రైలు ఉధ్నా దాటాక భేస్తాన్‌లో ఆగుతుంది. ఆ తర్వాతిది సచిన్. స్టేషనుకు అటూ ఇటూ మరమగ్గాల షెడ్లు, ఇరుకైన వరుస ఇళ్ల సొసైటీలు. పాండేసరా పారిశ్రామికవాడ పక్కనే. ఒడిశా, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్లతో పాటు తెలంగాణ నేత కుటుంబాలూ దక్షిణ సూరత్ పేటల్లో స్థిరపడ్డాయి. వాళ్లలో పద్మశాలీలు ఎక్కువ. సూరత్ మునిసిపల్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఈ వలస ఎంతగా వేళ్లూనుకుందో తెలుస్తుంది.

ఇలా స్థిరపడ్డ కుటుంబాల ఆస్తి చాలాసార్లు రెండు రాష్ట్రాల్లో ఉంటుంది. ఇక్కడ సొసైటీలో ఒక ఇల్లు, కొన్ని మగ్గాలు, రింగ్ రోడ్డు వ్యాపారుల దగ్గరి నుంచి రావలసిన గుడ్డ డబ్బు. అక్కడ సిరిసిల్ల వైపో నల్లగొండ వైపో తండ్రి పంచిన ఎకరం, ఊళ్లో ఇంటి జాగా. అప్పులూ రెండు చోట్లా ఉంటాయి. ఇంటి పెద్ద వీలునామా రాసి కన్నుమూస్తే, అందులోని మాటలు చేతల్లోకి రావడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషే ఎగ్జిక్యూటర్. తెలుగులో కార్యనిర్వాహకుడనీ అమలుదారనీ రాసినా కోర్టు ఆవరణలో ఎగ్జిక్యూటర్ అనే అంటారు.

భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం వీలునామా రాసిన వ్యక్తి దాని అమలును ఎవరికి అప్పగించాడో అతనే ఎగ్జిక్యూటర్. ఆ నియామకం చేయగలిగింది రాసిన వ్యక్తి ఒక్కడే. వీలునామాలో ఎవరి పేరూ లేకపోతే, లేదా పేరున్న వ్యక్తి కాదంటే, కోర్టు వేరొకరికి ‘లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్’ ఇస్తుంది. అలా వచ్చినవారు అడ్మినిస్ట్రేటర్, ఎగ్జిక్యూటర్ కాదు. ‘ఎగ్జిక్యూటర్’ అన్న పదం రాసి తీరాలని కూడా లేదు. నా బాకీలు తీర్చి, మిగిలింది పిల్లలకు పంచే బాధ్యత మా తమ్ముడిది అని ఉంటే, 222వ సెక్షన్ ప్రకారం ఆ తమ్ముడే ఎగ్జిక్యూటర్ అవుతాడు. మైనర్‌కు, మతి స్థిమితం లేనివారికి ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) ఇవ్వరు. వీలునామాకు సాక్షి సంతకం చేసినవాడు ఎగ్జిక్యూటర్‌గా ఉండడానికి మాత్రం అడ్డంకి లేదు.

చట్టంలో అసలు కీలకం 211వ సెక్షన్. చనిపోయిన మనిషి ఆస్తి మొత్తం ఎగ్జిక్యూటర్‌లో నిక్షిప్తమవుతుందని అది చెబుతుంది. ఈ ఒక్క వాక్యం వల్లే ఇళ్లలో సగం గొడవలు మొదలవుతాయి. ఆస్తి అతని చేతికి వస్తుంది గానీ అతనిది కాదు. అమ్మడానికి, వసూలు చేయడానికి, దావా వేయడానికి, దావాకు జవాబు చెప్పడానికి పోయినవాడి స్థానంలో నిలబడతాడు. అనుభవించడానికి మాత్రం కాదు.

పెద్దమనిషి వేరు, ఎగ్జిక్యూటర్ వేరు

తెలుగు ఇళ్లలో పంపకాలు చాలావరకు పెద్దమనుషుల ముందే తేలతాయి. మేనమామ, కులపెద్ద, ఊళ్లో పలుకుబడి ఉన్న ఇంకొకరు కూర్చుని, ఇది నీకు అది నీకు అని ఒప్పించి కాగితం రాయించడం పాత పద్ధతి. ఊరు విడిచి వందల మైళ్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు. అందుకే వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా పేరు పడ్డ బావమరిది తననూ పెద్దమనిషిగానే అనుకుంటాడు. కొడుకులనూ కూతుళ్లనూ కూర్చోబెట్టి, ఒకరికి కొంచెం తగ్గించి ఇంకొకరికి కొంచెం పెంచి, అందరూ సర్దుకునేలా చూడబోతాడు.

తేడా వచ్చేది అక్కడే. పెద్దమనిషికి అధికారం ఎదుట కూర్చున్నవాళ్ల ఒప్పుకోలు వల్ల వస్తుంది. ఎగ్జిక్యూటర్‌కు అధికారం పోయినవాడి కాగితం నుంచి వస్తుంది. కాబట్టి ఆ కాగితాన్ని సవరించే హక్కు అతనికి లేదు. పెద్దకూతురికి రెండు తులాలు, చిన్నకూతురికి అయిదు తులాలు అని ఉంటే, అది న్యాయమా అన్యాయమా అని అతన్నెవరూ అడగలేదు. లబ్ధిదారులంతా మేజర్లై, ఏకాభిప్రాయంతో వేరేలా పంచుకుంటామంటే అది కుటుంబ ఒప్పందం. దాని మంచిచెడ్డలు వాళ్లవి. ఎగ్జిక్యూటర్ సొంత తీర్పుతో పంచితే మాత్రం నష్టపోయినవారు అతని మీదే దావా వేయవచ్చు.

పెద్దమనిషి లెక్క చెప్పనక్కర్లేదు, ఎగ్జిక్యూటర్ చెప్పి తీరాలి. రెండో తేడా అది.

ఈ పదవి మన దగ్గరికి ఎలా వచ్చింది

ప్రాచీన ధర్మశాస్త్రాలు వారసత్వం గురించి, దత్తత గురించి, దాయభాగం గురించి విస్తారంగా చెప్పాయి గానీ వీలునామా వాటికి పరిచయమైన పద్ధతి కాదు. ఈస్టిండియా కంపెనీ రేవు పట్నాల్లో ఇంగ్లీషు కోర్టుల పరిధిలో మసలిన సంపన్నులు మొదట దీన్ని అందిపుచ్చుకున్నారు. మద్రాసులో దుబాషీగా కోట్లకు పడగెత్తిన పచ్చయప్ప మొదలియార్ 1794లో వీలునామా రాసి, కొద్ది రోజులకే చనిపోయాడు. ఆలయాలకు, దానధర్మాలకు ఉద్దేశించిన ఆ సొమ్ము వారసుల తగాదాల్లోనూ వ్యాజ్యాల్లోనూ దశాబ్దాలు నలిగింది. అడ్వొకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుబట్టడంతో ధర్మకర్తల మండలి ఏర్పడి, ఆ నిధితో మద్రాసులో మొదటి బడి తెరిచింది 1842లో. అంటే రాసినాయన పోయాక దాదాపు అర్ధ శతాబ్దానికి. వీలునామా ఎంత మంచిదైనా అమలుచేసే చేతులు గట్టివి కాకపోతే ఏమవుతుందో దక్షిణ భారతం అలా తొలి రోజుల్లోనే చూసింది.

1870లో హిందూ వీలునామాల చట్టం, 1881లో ప్రొబేట్, అడ్మినిస్ట్రేషన్ చట్టం వచ్చాయి. 1925లో వీటన్నిటినీ కలిపి ఇప్పటి వారసత్వ చట్టం చేశారు.

తెలుగు నేల మీది పెద్ద వీలునామా తగాదా పిఠాపురానిది. గంగాధర రామారావు 1873లో వెంకటగిరి వంశం నుంచి ఒక బాలుణ్ని దత్తత తీసుకున్నారు. ఆ తర్వాత 1885లో సొంత కొడుకు పుట్టాడు. 1890లో రాజా చనిపోయేనాటికి జమీందారీని ఆ పసివాడికి రాసిపెట్టారు. దత్తపుత్రుడు వ్యాజ్యమాడారు. వారసుడు మైనరు కావడంతో ఎదుటి పక్షాన నిలిచింది కోర్ట్ ఆఫ్ వార్డ్స్. విభజనకు వీల్లేని సంస్థానాన్నైనా వీలునామాతో ఇచ్చుకోవచ్చని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1899లో తేల్చింది. ఆ పసివాడే తర్వాత సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన మహారాజా సూర్యారావు. ఆ వీలునామా ఓడిపోయి ఉంటే నిఘంటువు పేరు వేరే ఉండేదేమో.

చేయాల్సిన పని, వరసగా

మొదటిది అసలు కాగితాన్ని చేతికి తెచ్చుకోవడం. జిరాక్సుతో కోర్టు పని జరగదు. వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, బతికుండగా రిజిస్టరు చేయించనిదాన్ని రాసిన వ్యక్తి పోయాక కూడా ఎగ్జిక్యూటర్ తీసుకెళ్లి రిజిస్టరు చేయించవచ్చు, గడువేమీ లేదు. కొందరు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచిపెడతారు. కాబట్టి బీరువాలో దొరకలేదంటే లేనట్టు కాదు.

అంత్యక్రియలు కూడా ఎగ్జిక్యూటర్ విధుల్లోనివే. మనిషి స్థాయికి తగ్గట్టు కర్మకాండ జరిపించడం అతని బాధ్యత అని 316వ సెక్షన్ అంటుంది, అందుకు సరిపడా ఆస్తి ఉంటేనే. దినాల పేరుతో ఊరంతటికీ భోజనం పెట్టి ఆ ఖర్చును ఆస్తిలో రాస్తే, అప్పులవాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు.

తర్వాత ఆస్తుల, అప్పుల జాబితా. భేస్తాన్‌లో పదో పన్నెండో మగ్గాలున్న ఒక యజమానిని ఉదాహరణగా ఊహించుకుంటే ఈ పని ఎంత ఉంటుందో తెలుస్తుంది. షెడ్డు సొంతమా, అద్దెదా? అద్దెదైతే డిపాజిట్ ఎంత? మగ్గాలు బ్యాంకు అప్పు కింద తాకట్టులో ఉన్నాయా? నూలు ఎంత నిల్వ ఉంది, మగ్గం మీద సగం నేసిన గుడ్డ ఎవరిది? దళారి ద్వారా ఏ వ్యాపారికి ఎన్ని తాకాల (చుట్టల) గ్రే, అంటే రంగు వేయని, గుడ్డ వెళ్లింది, అందులో డబ్బు వచ్చిందెంత? సూరత్ బజారు చాలావరకు నమ్మకం మీద, అరువు మీద నడుస్తుంది. వ్యాపారులు ఉఘరాణీ అనే ఆ రావలసిన బాకీ చాలాసార్లు యజమాని చేతిపుస్తకంలోనో, గుమాస్తా బుర్రలోనో ఉంటుంది. ఆ గుమాస్తా ఊరెళ్లకముందే కూర్చోబెట్టి రాయించుకున్న ఎగ్జిక్యూటర్ తెలివైనవాడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి తేల్చాలి. పాడిన చిట్టీలుంటే మిగిలిన వాయిదాలు లెక్కలోకి రావాలి. ఫోను నంబరు వెంటనే మూసేయకపోవడం మంచిది. బ్యాంకు, డీమ్యాట్, పన్ను ఖాతాలన్నిటికీ ఓటీపీలు దానికే వస్తాయి.

ప్రొబేట్ తీసుకుంటే, మంజూరైన ఆరు నెలల్లోగా ఆస్తిపాస్తుల పట్టిక, ఏడాదిలోగా జమాఖర్చుల లెక్క కోర్టుకు ఇవ్వాలని 317వ సెక్షన్. కోర్టు గడువు పొడిగించవచ్చు. కావాలని ఎగ్గొట్టినా, తప్పుడు పట్టిక ఇచ్చినా శిక్షార్హమైన నేరం.

బాకీలకు వరస ఉంది. ముందు అంత్యక్రియల ఖర్చు, ఆఖరి రోజుల వైద్యం, చనిపోవడానికి ముందు నెలరోజుల తిండీ బసా. ఆ తర్వాత ప్రొబేట్ ఖర్చులు. మూడోది మగ్గాల వాడకు బాగా తగిలే నిబంధన: మరణానికి ముందు మూడు నెలల్లో పనిచేసిన కూలీలు, చేతిపనివాళ్లు, ఇంటి పనివాళ్ల బకాయి జీతాలు. బీములు ఎక్కించిన మనిషికి, మగ్గం నడిపిన మనిషికి రావలసింది మామూలు అప్పులకన్నా ముందు తీరాలి. తర్వాతే మిగతా అప్పులు. సొమ్ము చాలకపోతే వాటిని దామాషా ప్రకారం తీర్చాలి. ఎగ్జిక్యూటర్ తన స్నేహితుడి బాకీ ముందు తీర్చి, మిగతావాళ్లకు చేతులెత్తేయడం కుదరదు. తనకే రావలసింది ఉన్నా అదే పద్ధతి. బ్యాంకు తాకట్టు సంగతి వేరు, తాకట్టు పెట్టిన వస్తువు మీద దాని హక్కు దానిదే.

ఇవన్నీ అయ్యాకే కానుకలు. కొడుకుకు ఇల్లు, కూతురికి నగలు, గుడికి ఇంత అని రాసి ఉన్నా, ఎగ్జిక్యూటర్ సమ్మతించేదాకా ఆ హక్కు పూర్తి కాదు. సమ్మతి మాటల్లో ఉండవచ్చు, చేతల్లోనూ ఉండవచ్చు. మరణం నుంచి ఏడాది గడిచేవరకు కానుకలు చెల్లించమని అతన్ని బలవంతపెట్టడానికి లేదు. ఆ ఏడాది అప్పులు బయటపడడానికి ఇచ్చిన వ్యవధి. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాం, నగలు ఇప్పుడే ఇవ్వమని ఒత్తిడి వస్తుంది. లొంగి ఇచ్చేశాక అప్పులవాడు తలుపు తడితే ఇబ్బందే. అయితే ఇచ్చిన కానుకను లబ్ధిదారు చేత తిరిగి కట్టించే హక్కు అప్పులవాడికి ఉంది.

ప్రొబేట్, రెండు రాష్ట్రాల చిక్కు

కోర్టు ముద్రతో ధ్రువీకరించిన వీలునామా నకలు, దానికి జతగా ఆస్తి నిర్వహణ అధికారం కలిస్తే ప్రొబేట్. మరణం తర్వాత ఏడు రోజులు గడవకుండా ఇవ్వరు. పిటిషన్‌లో మరణ తేదీ, ఇదే ఆఖరి వీలునామా అన్న మాట, ఆస్తి అంచనా, సంతకం పెట్టిన తీరు ఉండాలి. బంధువులకు నోటీసులు వెళతాయి. ఎవరైనా కేవియట్ (అభ్యంతర పత్రం) వేసి ఎదిరిస్తే అది మామూలు దావాలా నడుస్తుంది.

హిందువులకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నియమం దేశమంతటికీ ఎప్పుడూ లేదు. 213వ సెక్షన్ కింద అది పాత బెంగాల్ ప్రాంతాలకూ, మద్రాసు, బొంబాయి నగరాల హైకోర్టుల మొదటి విచారణ పరిధికీ, అక్కడి స్థిరాస్తులకూ పరిమితంగా ఉండేది. సూరత్ ఒకప్పుడు బొంబాయి రాష్ట్రంలోదే అయినా నగర పరిధిలోది కాదు. తెలంగాణ జిల్లాలూ ఆంధ్ర జిల్లాలూ అందులో లేవు. అందువల్ల ముంబైలో పరేల్ వైపు గది ఉన్న పద్మశాలీ కుటుంబానికి ప్రొబేట్ అక్కరపడింది, భేస్తాన్‌లో ఇల్లున్న వాళ్ల దాయాదులకు అక్కరపడలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన రద్దు, సవరణల చట్టం ఈ 213నే తీసేసింది. ఇప్పుడు ఆ ప్రాంతాల్లోనూ నిర్బంధం లేదు.

అలాగని ప్రొబేట్‌కు పనిలేకుండా పోలేదు. 214వ సెక్షన్ ఉంది: చనిపోయినవాడికి రావలసిన బాకీ కోసం దావా వేస్తే, ప్రొబేటో సక్సెషన్ సర్టిఫికెట్టో చూపనిదే కోర్టు డిక్రీ ఇవ్వదు. గుడ్డ తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన వ్యాపారి మీదికి వెళ్లాలంటే ఎగ్జిక్యూటర్‌కు ఆ కాగితం కావాలి. వీలునామా నిజమైనదని ఒకసారి ప్రొబేట్‌లో తేలితే మళ్లీ మళ్లీ రుజువు చేసుకునే బాధా తప్పుతుంది. ఆలస్యం పనికిరాదు. దరఖాస్తు హక్కు తలెత్తిన నాటి నుంచి మూడేళ్ల కాలపరిమితి వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.

వలస కుటుంబాలకు అసలు ముడి 273వ సెక్షన్‌లో ఉంది. జిల్లా జడ్జి ఇచ్చిన ప్రొబేట్ ఆ రాష్ట్రంలో అంతటా చెల్లుతుంది. రాష్ట్రం బయటి ఆస్తికి చెల్లాలంటే ఆ బయటి ఆస్తి విలువ పదివేల రూపాయలకు మించకూడదు. 1925 నాటి చట్టంలోని ఈ అంకె ఇవాళ సిరిసిల్లలో రెండు గుంటల జాగా ముందు కూడా నిలవదు. కాబట్టి సూరత్ జిల్లా కోర్టులో తెచ్చుకున్న ప్రొబేట్‌తో తెలంగాణ భూమి కదలదు. హైకోర్టు ఇచ్చిన ప్రొబేట్‌కు మాత్రం, వేరేలా ఆదేశిస్తే తప్ప, దేశమంతటా బలం ఉంటుంది. రెండు రాష్ట్రాల్లో ఆస్తి ఉన్నప్పుడు అహ్మదాబాద్‌లోని గుజరాత్ హైకోర్టును ఆశ్రయించడం మేలా అన్నది మొదటి రోజే వకీలును అడగాల్సిన ప్రశ్న. చాలామంది మూడో ఏడు అడుగుతారు.

భాష ఇంకో మెట్టు. వీలునామా తెలుగులో రాసి ఉండి, కోర్టు వ్యవహారం గుజరాతీలోనో ఇంగ్లీషులోనో నడుస్తుంటే 277వ సెక్షన్ ప్రకారం అనువాదం జతపరచాలి. కోర్టు అనువాదకుడే ఆ పని చేయాలి. ఆ భాషకు అనువాదకుడు లేకపోతే, ఆ లిపీ భాషా బాగా తెలిసిన ఎవరైనా చేసి, ఇది నిజమైన అనువాదమని ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. సూరత్‌లో చదివిన రెండో తరం తెలుగు మాట్లాడుతుంది గానీ అందులో చాలామంది చదవలేరు. తాత రాసిన తెలుగు వీలునామాను కోర్టుకు వివరించే మనిషిని వెతకడం చిన్న పనేం కాదు.

సాక్షుల సంగతీ అంతే. కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, వారిలో ఒకరినైనా కోర్టులో విచారించాలి. వీలునామా రిజిస్టరై ఉన్నా ఇది తప్పదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 67వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. మగ్గాల షెడ్డులో అప్పటికి కనబడ్డ ఇద్దరు కార్మికుల చేత సంతకాలు పెట్టిస్తే, పదేళ్ల తర్వాత వాళ్లు గంజాంలో ఉన్నారో తిరుప్పూరులో ఉన్నారో ఎవరికి తెలుసు? సాక్షులెవరూ దొరక్కపోతే చేతిరాత ద్వారా రుజువు చేసే దారి ఉంది, కష్టమైన దారి.

భూమి: ఇక్కడిదీ, అక్కడిదీ

ఇల్లు సొసైటీలోదైతే సొసైటీ రికార్డు, సిటీ సర్వే ప్రాపర్టీ కార్డు, మునిసిపల్ పన్ను బిల్లు, మూడింటిలోనూ పేరు మారాలి. వారసుల పేర్లు ఎక్కించడాన్ని గుజరాత్‌లో వారసాయి అంటారు. పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం రాదు. రెవెన్యూ రికార్డు పన్ను ఎవరు కట్టాలో చెబుతుంది, హక్కు వీలునామా నుంచే వస్తుంది.

సూరత్ అంచుల్లో రికార్డుల ప్రకారం ఇంకా వ్యవసాయ భూమిగానే ఉన్న స్థలాలతో జాగ్రత్త. ఎన్ఏ (వ్యవసాయేతర భూమి) అయిందా లేదా అన్నది అక్కడ స్థలం కొనేవాళ్లు ముందు అడిగే ప్రశ్న. గుజరాత్‌లో వ్యవసాయదారు కానివాడికి వ్యవసాయ భూమిని అమ్మడం, దానమివ్వడం కౌలుదారీ చట్టం 63వ సెక్షన్ నిషేధిస్తుంది. వీలునామా అమ్మకం కాదు కదా, దానికి ఈ నిషేధం ఎందుకు వర్తిస్తుందన్న వాదన చాలాకాలం నడిచింది. వినోద్‌చంద్ర సకర్‌లాల్ కపాడియా కేసులో 2020 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసింది: వ్యవసాయదారు కానివారికి వీలునామా ద్వారా ఇచ్చినా చెల్లదు. ఎగ్జిక్యూటర్ ఎంత నిజాయితీపరుడైనా ఆ కానుకను అమలు చేయలేడు.

తెలంగాణ వైపు భూమికి 2025లో వచ్చిన భూభారతి చట్టం వర్తిస్తుంది. ధరణి పోర్టల్ విధానం స్థానంలో అది వచ్చింది. పేరు మార్పుకు తహసీల్దారు విచారణ ఉంటుంది. అక్కడ తరచూ ఎదురయ్యే ప్రశ్న వేరు: ఆ ఎకరం తాతది, కాబట్టి పోయినాయనకు అందులో ఎంత భాగం? హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ కింద ఉమ్మడి ఆస్తిలో తన వాటాను వీలునామాలో రాయవచ్చు, అన్నదమ్ముల వాటాను కాదు. తనది కానిది రాసినా ఎగ్జిక్యూటర్‌కు ఏమీ రాదు.

నామినీ, పన్ను

బ్యాంకు ఖాతాకు నామినీగా ఉన్న కొడుకు, డబ్బు నాదే అంటాడు. కాదు. నామినీ సొమ్ము అందుకునే మనిషి మాత్రమేనని 1983లో సర్బతీ దేవి కేసులో బీమా పాలసీ విషయంలోనూ, 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీలు పెరిగారు గానీ వాళ్ల హోదా మారలేదు. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వాళ్లే లబ్ధిదారులు.

మరణపు పన్ను భారతదేశంలో 1985లో రద్దయింది. ఆదాయపు పన్ను మిగిలింది. ఆస్తి పూర్తిగా పంచేదాకా దాని మీద వచ్చే అద్దె, వడ్డీల పన్ను ఎగ్జిక్యూటర్ పేరు మీదే లెక్కిస్తారు, అతని సొంత ఆదాయంతో కలపకుండా. ఆదాయపు పన్ను చట్టంలో దీనికోసమే ఒక సెక్షన్ ఉంది. పోయినాయన ఆఖరి ఏడాది రిటర్ను వేయడమూ వారసత్వ ప్రతినిధి పనే.

చిక్కుల్లో పడేదెలా

ఆస్తిని పాడుచేసినా, దుర్వినియోగం చేసినా ఎగ్జిక్యూటర్ సొంత జేబు నుంచి పూరించాలి. వసూలు చేయగలిగిన బాకీని నిర్లక్ష్యంతో కాలదోషం పట్టనిచ్చినా అంతే. ఆస్తిలోని వస్తువును అతనే కొనుక్కుంటే, అభ్యంతరం ఉన్నవారు ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. పన్నెండు మగ్గాలు ఇనుప ధరకు పోతున్నాయని నేనే తీసుకున్నాను అని చెబితే కోర్టు మెచ్చుకోదు. ప్రతిఫలంగా తీసుకునే కమిషన్ అడ్మినిస్ట్రేటర్ జనరల్ అనే ప్రభుత్వ అధికారికి నిర్ణయించిన రేటును మించకూడదు. వీలునామాలో ఎగ్జిక్యూటర్‌కు కానుక రాసి ఉంటే, పని ఒప్పుకున్నట్టు కనబడితేనే అది అతనికి దక్కుతుంది.

ఎగ్జిక్యూటర్ కాకపోయినా ఎవరైనా బీరువా తాళాలు తీసుకుని ఆస్తిలో చేతులు పెడితే, చట్టం అతన్ని తప్పుడు ఎగ్జిక్యూటర్‌గా లెక్కగట్టి, చేతికి వచ్చినదానికి జవాబుదారీ చేస్తుంది. వస్తువులు పాడవకుండా కాపాడడం, అంత్యక్రియలు జరిపించడం, తక్షణ అవసరాలు చూడడం దీని కిందికి రావు.

వీలునామా రాయించిన వ్యక్తే ఎగ్జిక్యూటర్‌గా ఉండి, తన మనుషులకే లాభం కలిగితే అనుమానం కమ్ముకుంటుంది. మైసూరు నుంచి వచ్చిన వెంకటాచల అయ్యంగార్ కేసు దీనికి ప్రమాణం. అందులో దావా వేసింది ఎగ్జిక్యూటరే. అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించే భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని 1958లో సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఇవాళ్టికీ దేశంలో వీలునామా తీర్పులు ఆ కేసును తలుచుకోకుండా సాగవు.

పేరున్న ఎగ్జిక్యూటర్లు ఇద్దరు ముగ్గురిని చూస్తే పని స్వభావం ఇంకా బాగా తెలుస్తుంది. ఆల్ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబరులో వకీలు లేకుండా వీలునామా రాసి, ఇద్దరు ఇంజనీర్లను ఎగ్జిక్యూటర్లుగా పెట్టాడు. మరుసటి ఏడాది డిసెంబరులో ఆయన పోయేదాకా వాళ్లలో ఒకడైన రాగ్నర్ సోల్మన్‌కు ఆ సంగతే తెలియదు. వయసు ఇరవై ఆరు. ప్యారిస్ బ్యాంకుల్లోని పత్రాలను గుర్రబ్బండిలో వేసుకుని, చేత్తో పిస్తోలు పట్టుకుని స్టేషనుకు చేర్చాడు. బంధువులు ఎదిరించారు, బహుమతులిచ్చే సంస్థలు తటపటాయించాయి. మొదటి నోబెల్ బహుమతులు 1901లో గానీ ఇవ్వలేకపోయారు. మన దగ్గర 2024 అక్టోబరులో పోయిన రతన్ టాటా వీలునామాకు నలుగురు ఎగ్జిక్యూటర్లు, సీనియర్ న్యాయవాది డేరియస్ ఖంబాటా వారిలో ఒకరు. పేరుపెట్టి చెప్పని షేర్లు ఎవరికి చెందుతాయన్న సందేహాన్ని వాళ్లు సొంతంగా తేల్చేయలేదు, బాంబే హైకోర్టును అడిగారు. చదువుకున్నవాళ్లకే ఆ జాగ్రత్త అవసరమైంది.

ఎవరిని పెట్టాలి

పెద్దకొడుకును పెట్టడం రివాజు. చట్టం వద్దనదు. కొడుకు లబ్ధిదారు కూడా అయితే, చెల్లెళ్ల అనుమానాన్ని మాత్రం వీలునామాతో పాటే వారసత్వంగా ఇచ్చినట్టవుతుంది. భేస్తాన్ లాంటి చోట ఇద్దరిని పెట్టడం నయం: సూరత్‌లో లెక్కలు తెలిసినవారు ఒకరు, ఊళ్లో తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కగలిగినవారు ఒకరు. ఇద్దరున్నప్పుడు, వీలునామా వేరేలా చెప్పకపోతే, ప్రొబేట్ తీసుకున్న ఒక్కరే అధికారాలు వాడవచ్చు. ఒకరు చనిపోతే మిగిలినవారే కొనసాగుతారు. నమ్మకస్తులు లేకపోతే రాష్ట్ర అడ్మినిస్ట్రేటర్ జనరల్‌నో, రుసుము తీసుకునే ట్రస్టీ కంపెనీలనో పెట్టుకోవచ్చు. చిన్న ఆస్తికి ఆ రుసుములు భారమే.

పేరు రాసేముందు ఆ మనిషిని అడగడం ముఖ్యం. పేరు పడ్డంత మాత్రాన ఎవరూ ఈ పని చేసి తీరాలని లేదు. జడ్జి ముందు నోటితో చెప్పిగానీ, రాతపూర్వకంగా సంతకం చేసిగానీ తప్పుకోవచ్చు. ఒకసారి తప్పుకుంటే మళ్లీ ప్రొబేట్ అడగడానికి ఉండదు. పని సగంలో ఉండగా ఒంటరి ఎగ్జిక్యూటర్ చనిపోతే, అతని కొడుక్కి ఆ పదవి రాదు. మిగిలిపోయిన భాగానికి మాత్రమే కోర్టు 258వ సెక్షన్ కింద కొత్త ప్రతినిధిని నియమిస్తుంది. అతను మళ్లీ మొదటి పెట్టె తెరిచి, పాత ఎగ్జిక్యూటర్ ఎక్కడిదాకా లెక్క రాశాడో చూసుకుంటూ పని మొదలుపెట్టాలి.